కొత్త మాత్ర ట్రయల్‌లో తమ్ముణ్ణి చేర్చమంటారా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా తమ్ముడికి 38 ఏళ్లు, రొయ్యల చెరువులు చేస్తాడు. ఏడాదిగా మేత బస్తా ఎత్తుకుని గట్టెక్కితే ఆయాసం. అన్నం తిన్నాక అయితే మరీ ఎక్కువ. మొన్న మే నెలలో ఎండలో ఏరియేటరు దగ్గర పని చేస్తూ స్పృహ తప్పి పడిపోయాడు. ఊళ్లో చూసే ఆయన బీపీ అని ఆమ్లోడిపిన్ ఇచ్చారు, గుండెలో నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని సార్బిట్రేట్ ఇచ్చారు. అది పెట్టుకున్న రోజు ఇంకా డీలా పడిపోయాడు. భీమవరంలో ఎకో తీస్తే గోడ మందం 21 మిల్లీమీటర్లు, గ్రేడియెంట్ 64 అని, జబ్బు పేరు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ అని రాశారు. హైదరాబాదులో ఒక ఆస్పత్రివాళ్లు కొత్త మాత్ర మీద ట్రయల్ జరుగుతోంది, చేరతారా అని అడిగారు. సగం మందికి మందు లేని ఉత్తి మాత్ర ఇస్తారట. ఇంట్లో అందరూ ‘మనవాడి మీద ప్రయోగాలా’ అంటున్నారు. మా నాన్నగారు 41వ ఏట కళ్లంలో నిలబడ్డవారు నిలబడ్డట్టే కూలిపోయి చనిపోయారు. నాకిద్దరు పిల్లలు. ఏం చేయమంటారు?
— ఒక అక్క

జవాబు: అమ్మా, ట్రయల్ సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ రెండు మాత్రలు. ఆ చీటీ, ఎకో రిపోర్టు పట్టుకుని రేపే కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లండి.

ఈ జబ్బులో రెండు జఠరికల మధ్య గోడ మందమెక్కి, ఎడమ గది నుంచి రక్తం బయటికి పోయే దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకుకి అటూ ఇటూ ఉండే ఒత్తిడి తేడానే మీ రిపోర్టులోని గ్రేడియెంట్. ఆ ఇరుకులో మైట్రల్ కవాటం రెక్క ముందుకు వచ్చి దారికి అడ్డం పడుతుంది. మీ కాలవ తూము దగ్గర గుర్రపుడెక్కను చూసే ఉంటారు. కాలవ నిండుగా ఉన్నప్పుడు ఓ పక్కన తేలుతుంది, నీళ్లు తగ్గాయంటే పోయి తూముకే అతుక్కుంటుంది. ఇక్కడా అంతే, గుండె గదిలో రక్తం తగ్గేకొద్దీ అడ్డం పెరుగుతుంది. సార్బిట్రేట్ రక్తనాళాలను వదులు చేసి గుండెకి తిరిగొచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది. ఆమ్లోడిపిన్ ఎదురు ఒత్తిడిని తగ్గిస్తుంది. ఆయాసం ఉంది కదా అని ఎవరైనా ఒంట్లో నీరు తీసేసే లాసిక్స్ కూడా రాసేస్తే ఇక చెప్పక్కర్లేదు. నాళాలు పూడినవాళ్లకు మేలు చేసే మాత్రే మీ తమ్ముణ్ణి కింద పడేయగలదు. నొప్పి వచ్చి తూలితే పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి పట్టుకుని 108కి ఫోన్ చేయండి. ఎవరి జేబులోదో సార్బిట్రేట్ తీసి పెట్టనివ్వకండి. మన ఊళ్లలో అలా పెట్టేవాళ్లకు కొదవ లేదు.

మేలో పడిపోవడానికీ, అన్నం తిన్నాక ఆయాసం పెరగడానికీ కారణం ఇదే. చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది. కడుపు నిండా తింటే రక్తం పొట్టవైపు మళ్లుతుంది. మజ్జిగో కొబ్బరినీళ్లో గంటగంటకూ తాగుతుండాలి. కొంచెం కొంచెం నాలుగుసార్లు తినాలి. మద్యం అలవాటుంటే మానాలి. రాత్రి కాపలాకి చెరువు గట్టు మీద ఒంటరిగా మాత్రం పంపకండి. స్పృహ తప్పితే పడేది నీళ్లలో.

ఇక మీరు అడగని విషయం. 1958లో లండన్‌లో డోనాల్డ్ టియర్ అనే పాథాలజిస్టు ఈ జబ్బును వివరంగా రాశారు. ఆయన చూసిన ఎనిమిది మందిలో చాలామంది చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లే. మీ నాన్నగారి మరణాన్ని అందరూ గుండెపోటు అనే అనుకుని ఉంటారు. కారణం తెలియకుండా స్పృహ తప్పడం, యాభై లోపు తండ్రి హఠాత్తుగా పోవడం, రెండూ మీ తమ్ముడి లెక్కలో ఉన్నాయి. కాబట్టి మొదట అడగాల్సింది ఐసీడీ గురించి. గుండె లయ తప్పి ఆగబోతే షాక్ ఇచ్చి నిలబెట్టే చిన్న యంత్రం అది, చర్మం కింద అమరుస్తారు. అందరికీ అక్కర్లేదు. మీ తమ్ముడికి మాత్రం హోల్టర్ (ఒంటికి తగిలించి రోజంతా గుండె లయను నమోదు చేసే పరీక్ష), కార్డియాక్ ఎంఆర్ఐ చేయించి తేల్చుకోవాలి. కొత్త మాత్రలు ఆయాసం తగ్గిస్తాయి గానీ హఠాన్మరణాన్ని ఆపుతాయని ఇప్పటిదాకా రుజువు కాలేదు.

ఇప్పుడు ట్రయల్. దశాబ్దాలుగా మేం ఇస్తున్నవి మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, వెరపామిల్, వాటితో లొంగకపోతే డైసోపిరమైడ్. మందులతో కాకపోతే మందమెక్కిన గోడలో కొంత కోసి తీసే ఆపరేషన్. లేదా 1994లో ఉల్రిక్ సిగ్వార్ట్ లండన్‌లో మొదలుపెట్టిన పద్ధతిలో, కాథెటర్‌తో ఆల్కహాల్ పంపి గోడలో ఆ ముక్కను చచ్చుబడేలా చేయడం. ఇవేవీ జబ్బు మూలం జోలికి పోవు. గుండె కండలో మయోసిన్ అనే ప్రోటీన్ పక్కనున్న పోగును పట్టి లాగితేనే గుండె ముడుచుకుంటుంది. ఈ జబ్బులో ఆ లాగుడు అతి అవుతుంది. ఆ పట్టును కాస్త సడలించే కొత్త మాత్రే మావాకామ్టెన్. 2020లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ ట్రయల్‌లో 251 మందిని 30 వారాలు చూశారు. మందు వేసుకున్నవాళ్లలో 37 శాతం మందికి, ఉత్తి మాత్రవాళ్లలో 17 శాతం మందికి అనుకున్నంత మేలు కనిపించింది. ఉత్తి మాత్రతోనూ 17 శాతమా అని ఆశ్చర్యపోకండి. అందుకే ఉత్తి మాత్ర పెట్టి పోల్చేది. అందులో చాలామంది తమ పాత మందులు వాడుతూనే ఉన్నారు, వాళ్లను గాలికి వదిలేయలేదు. 2022లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. తర్వాత ఆఫికామ్టెన్ వచ్చింది. 2025లో వెలువడిన ఫలితాల్లో దాన్ని నేరుగా మెటోప్రొలాల్‌తో పోలిస్తే, వ్యాయామ సామర్థ్యంలో కొత్తదే గెలిచింది. అదే ఏడాది, దారిలో అడ్డం లేని రకం జబ్బులో మావాకామ్టెన్ ఆశించిన ఫలితం ఇవ్వలేదు. మీ తమ్ముడిది అడ్డం ఉన్న రకం.

పట్టు మరీ సడలితే గుండె పంపింగే తగ్గిపోతుంది. అందుకే తరచూ ఎకో తీసి, ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుడుకి బయటికి పోయే శాతం) 50 లోపుకి పోతే మావాకామ్టెన్ ఆపేస్తారు. ఇంకొకటి, మావాకామ్టెన్‌ను లివరులో అరగదీసే ఎంజైము కొందరికి పుట్టుకతోనే మందకొడిగా ఉంటుంది. అలాంటివాళ్లు యూరప్‌లో కన్నా మన దేశంలోనే ఎక్కువ. ఆ ఎంజైమును ఒమెప్రజోల్ కూడా అణుస్తుంది. చేపల పులుసు తిన్న ప్రతివాళ్లూ గ్యాస్ మాత్ర మింగే జిల్లాలు మనవి, కాబట్టి షాపులో కొనేది ఏదైనా ట్రయల్ డాక్టరుకి చెప్పే వేసుకోవాలి.

చేరొచ్చా అంటే, ఐసీడీ సంగతి తేలాక చేరొచ్చనే నా అభిప్రాయం. సంతకం పెట్టే ముందు అడగాల్సినవి అడగండి. మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐలో దీని నంబరు ఎంత? పాత మందులు కొనసాగిస్తారా, ఆపుతారా? ఎకోకి ఎన్నాళ్లకోసారి రావాలి, దారి ఖర్చు ఎవరిది? ట్రయల్ అయ్యాక మందు దొరుకుతుందా? సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మని, ఇంటికి తెచ్చుకుని చదవండి. 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం వాళ్ల బాధ్యత. ఎప్పుడు బయటికి వచ్చేసినా మామూలు వైద్యం ఆపకూడదు. ‘పది నిమిషాల్లో చెప్పండి, సీటు పోతుంది’ అన్నారంటే లేచి వచ్చేయండి.

చివరగా, ఇంత ఉత్తరంలో మీ గురించి ఒక్క ముక్క రాయలేదు. ఇది వంశంలో వచ్చే జబ్బు. నాన్నగారికి ఇదే ఉండి ఉంటే మీకు వచ్చే అవకాశం సగానికి సగం. ముందు మీరు ఈసీజీ, ఎకో చేయించుకోండి, తర్వాత పిల్లలకు. బాగానే ఉన్నా అక్కడితో అయిపోదు. పిల్లలకు ఏడాది నుంచి మూడేళ్లకోసారి, పెద్దలకు మూడు నుంచి ఐదేళ్లకోసారి చూడాలి. తమ్ముడి జన్యు పరీక్షలో కారణమైన మార్పు దొరికి, అది మీలో లేదని తేలితే, మీ పిల్లలకు ఈ తిరుగుడంతా తప్పుతుంది. ఒక జాగ్రత్త. మైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన ఒక మార్పు దక్షిణాసియాలో నూటికి సుమారు నలుగురిలో ఉందని 2009లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు, మరికొందరు కలిసి చెప్పారు. అది గుండె జబ్బు ముప్పును పెంచుతుంది గానీ, ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. రిపోర్టులో ఆ ముక్క చూసి టెన్షన్ పడకండి, తెలిసినవాళ్లతో చదివించుకోండి.

ప్రశ్న: నాకు ఇదే జబ్బు, అడ్డం లేదన్నారు. వయసు 22. కాకినాడలో రోజూ షటిల్ ఆడేవాణ్ణి. ఇంట్లో ఇప్పుడు మెట్లు కూడా ఎక్కనివ్వడం లేదు.

జవాబు: మెట్లు ఎక్కండి. నడక, తేలిక వ్యాయామం మంచివే. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో 1660 మందిని గమనిస్తే, గట్టిగా వ్యాయామం చేసేవాళ్లకు మిగతావాళ్ల కన్నా ప్రమాదం ఎక్కువగా కనిపించలేదు. వాళ్లందరూ డాక్టర్ల కనుసన్నల్లో ఉన్నవాళ్లని మాత్రం గుర్తుంచుకోండి. పోటీగా షటిల్ ఆడాలంటే ముందు ట్రెడ్‌మిల్, హోల్టర్ చేయించుకుని మీ డాక్టరుతో మాట్లాడండి.

ప్రశ్న: తెల్లమద్ది బెరడు కషాయం తాగితే మందమెక్కిన గుండె పల్చబడుతుందా?

జవాబు: పల్చబడదు. తాగుతూ ఉంటే ఆ సంగతి మీ డాక్టరుకి చెప్పండి.