బ్రిటన్‌లో కరెంటు నెట్‌వర్క్ కంపెనీ తన పోటీదారులైన ఐసీపీలతో కూర్చుని ఎందుకు మాట్లాడుతుంది?

ఐసీపీ అంటే స్వతంత్ర కనెక్షన్ కంపెనీ. అక్కడ కొత్త ఇళ్లకో, సోలార్ ప్లాంటుకో లైన్ వేసే పని స్థానిక నెట్‌వర్క్ కంపెనీయే చేయాలని లేదు. నెర్స్ అనే అర్హత గుర్తింపు పథకంలో గుర్తింపు పొందిన ఐసీపీ కేబుల్ వేసి, సబ్‌స్టేషన్ కట్టి అప్పగిస్తే, నెట్‌వర్క్ కంపెనీ దాన్ని సొంతం చేసుకుని నడుపుతుంది.

చిక్కంతా ఎక్కడంటే, మామూలుగా లైన్‌ను ఏ పాయింట్‌లో కలపాలో చెప్పేది, డిజైన్‌ను ఓకే చేసేది ఆ నెట్‌వర్క్ కంపెనీయే. అంటే పోటీదారుడి జుట్టు దాని చేతిలోనే! అక్కడ ఫైలు నాన్చితే ఐసీపీ పని ఆగిపోతుంది, బిల్డర్‌కు టెన్షన్. అందుకే 2015లో వచ్చిన ప్రవర్తనా నియమావళి, అర్హత ఉన్న ఐసీపీలు కలిపే పాయింట్‌ను తామే నిర్ణయించుకుని, తమ డిజైన్‌ను తామే ఆమోదించుకునే వీలు కల్పించింది. ఇందుకు నెట్‌వర్క్ మ్యాపులు, లోడు వివరాలు వాళ్లకు అందుబాటులో ఉండాలి.

ఇక మాటల సంగతి. నెట్‌వర్క్ కంపెనీల వాళ్లు వర్క్‌షాపులు పెడతారు, ఒక్కో ఐసీపీతో విడిగా కూర్చుంటారు, ఇబ్బందులు రాసుకుని గడువులతో ప్రణాళిక ప్రకటిస్తారు. ఇదంతా మంచితనం ఒక్కటే అనుకోకండి. 2015-23 మధ్య నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ఏటా ఈ ప్రణాళికలు తెప్పించుకుని, ముందటేడు చెప్పినవి చేశారా అని చూసేది. తేడా వస్తే జరిమానా వేసే వీలుండేది. బాగా చేస్తే బహుమతి మాత్రం ఉండేది కాదు.