నాన్నకు నిద్ర లేదు, ట్రయల్‌లో చేర్చవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ఆరేళ్లుగా పార్కిన్సన్స్‌ ఉంది. పగలు మందులతో బాగానే తిరుగుతారు. రాత్రి రెండు మూడు గంటలకు మించి నిద్రపోరు. నిద్రలో కేకలు వేస్తారు, చేతులు విసురుతారు. ఒకసారి మంచం మీద నుంచి పడ్డారు. అమ్మ ఇప్పుడు పక్క గదిలో పడుకుంటోంది. పార్కిన్సన్స్‌ రోగుల నిద్ర కోసం ఒక కొత్త మందుపై బెంగళూరులో క్లినికల్‌ ట్రయల్‌ జరుగుతోందట, చేరమంటున్నారు. బంధువులేమో ‘ఎలుకల మీద చేసే ప్రయోగం ఆయన మీద చేస్తారు’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ముందు నేనొకటి అడుగుతాను. మీ నాన్నగారు ఆఖరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకుంటున్నారు? మన వైపు పెద్దవాళ్లు చాలామంది ఏడున్నరకే భోజనం, మాత్ర ముగించి పడుకుంటారు. పార్కిన్సన్స్‌కు ఇచ్చే ప్రధాన మందు లెవోడోపా ప్రభావం కొన్ని గంటలే. అర్ధరాత్రి దాటేసరికి అది తగ్గిపోయి ఒళ్లు కొయ్యబారుతుంది, పక్కకు ఒత్తిగిలడమే కష్టమవుతుంది. మెలకువ వస్తుంది. ఆపైన మూత్రానికి లేవాలి. ఇంట్లోవాళ్లు దీన్ని ‘నిద్ర పట్టని జబ్బు’ అంటారు కానీ, చాలాసార్లు ఇది మాత్రల వేళల గొడవ. పడుకునే ముందు నెమ్మదిగా కరిగే రకం మాత్ర ఇస్తే కొందరికి సగం కష్టం తీరుతుంది. అమాంటడిన్‌ అనే మరో పార్కిన్సన్స్‌ మందు వాడుతుంటే అదీ చూడాలి. సాయంత్రం వేసుకుంటే అది నిద్రను తరిమేస్తుంది. గురక, మధ్యలో ఊపిరి ఆగడం ఉన్నాయేమో అమ్మగారే చెప్పగలరు.

కేకలు, చేతులు విసరడం వేరే సంగతి. కలలు వచ్చే నిద్రలో మన కండరాలు వదులైపోవాలి, అందుకే కలలో పరిగెత్తినా మంచం మీదే ఉంటాం. ఆ పట్టు తప్పితే కలలో చేసేదంతా ఒంటితో చేస్తారు. దీన్ని ఒక ప్రత్యేక జబ్బుగా 1986లో అమెరికా వైద్యులు వివరించారు. పార్కిన్సన్స్‌లో కనిపించే చేతి వణుకు కంటే ఏళ్ల ముందే ఇది మొదలు కావచ్చు. అమ్మగారిని అడిగి చూడండి, ‘ఎప్పటి నుంచో ఉంది’ అనవచ్చు. రాత్రంతా ఆసుపత్రిలో చేసే నిద్ర పరీక్షతో నిర్ధారిస్తారు. మెలటోనిన్‌, క్లోనజెపామ్‌ వాడతాం. రెండోది పెద్దవాళ్లకు మత్తు, తూలుడు తెస్తుంది కాబట్టి జాగ్రత్తగా. ఈ రాత్రికే చేయగలిగింది: పరుపు నేల మీద వేయండి, పక్కనున్న స్టూలు, గాజు సీసాలు తీసేయండి. అమ్మగారు పక్క గదికి మారడం మంచిదే, తలుపు మాత్రం తెరిచి ఉంచమనండి.

ఇదంతా ట్రయల్‌ కంటే ముందు ఎందుకు చెప్పానంటే, ఇలాంటి ట్రయల్‌లో చేరాలంటే సాధారణంగా కొన్ని వారాలుగా మందుల మోతాదు మారకుండా ఉండాలి. చేరాక మధ్యలో మార్చడానికీ వీలుండదు. సరిదిద్దగలిగింది సరిదిద్దుకోకుండా వెళితే, మాత్రల వేళ మారిస్తే పోయే బాధను నెలల తరబడి మోయాల్సి వస్తుంది. వేళలు సరిచేశాక కూడా నిద్ర రాకపోతే అప్పుడు వెళ్లండి.

బంధువుల భయం విషయానికొస్తే, మనిషి దాకా వచ్చిన మందు జంతువుల మీద పరీక్షలు దాటే వస్తుంది. అయితే ట్రయల్‌ అంటే చికిత్స కాదు. మందు పనిచేస్తుందో లేదో తెలియదు కాబట్టే చేస్తున్నారు. మీ నాన్నగారికి మందు లేని ఉత్తుత్తి మాత్ర రావచ్చు. ఎవరికి ఏది వచ్చిందో ఇచ్చే డాక్టరుకు కూడా తెలియకుండా ఉంచుతారు. పార్కిన్సన్స్‌లో ఇది మరీ అవసరం. మందు ఇస్తున్నారన్న నమ్మకంతోనే రోగుల మెదడులో, ఈ జబ్బులో తగ్గిపోయే డోపమైన్‌ అనే రసాయనం విడుదలవుతుందని 2001లో కెనడా పరిశోధకులు స్కాన్‌లో చూపించారు. అందుకే ‘మందు వేసుకున్నాక బాగుంది’ అన్న ఒక్క మాటతో ఏదీ తేలదు.

వెళ్లేటప్పుడు అన్ని మందుల చీటీలూ పట్టుకెళ్లండి. నాటువైద్యం దాచవద్దు. దూలగొండి గింజల పొడి వాడుతుంటే తప్పక చెప్పండి, అందులో సహజంగానే లెవోడోపా ఉంటుంది. ట్రయల్‌ పేరు చెప్పి లెవోడోపాను మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి. తీవ్ర జ్వరం, బిగుసుకుపోవడంతో ప్రాణం మీదికి వస్తుంది.

ఆ ట్రయల్‌కు సీటీఆర్‌ఐ (క్లినికల్‌ ట్రయల్స్‌ రిజిస్ట్రీ – ఇండియా) నంబరు ఉందో అడగండి. 2009 నుంచి దేశంలో ప్రతి క్లినికల్‌ ట్రయల్‌నూ ఆ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ఎవరైనా చూసుకోవచ్చు. రోగుల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్‌ కమిటీ అనుమతి ఉండాలి. ట్రయల్‌ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. పరీక్షిస్తున్న మందుకు డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. బస్సు ఖర్చు ఇస్తారా, రాత్రి నిద్ర పరీక్షకు మీరు తోడుగా ఉండవచ్చా, ట్రయల్‌ అయ్యాక మందు దొరుకుతుందా అన్నవి కూడా అడగండి. ఆఖరి ప్రశ్నకు చాలాసార్లు ‘లేదు’ అనే జవాబు వస్తుంది.

సమ్మతి పత్రం తెలుగు ప్రతి ఇవ్వమనండి. బెంగళూరు కదా, కన్నడమో ఇంగ్లిషో ముందు చేతికి రావచ్చు. అక్కడే సంతకం పెట్టకుండా ఇంటికి తెచ్చుకోండి. పొద్దున మాత్ర బాగా పనిచేస్తూ, నాన్నగారు తేటగా ఉన్న వేళ చదివి వినిపించండి. ఒప్పుకున్నా, తర్వాత ఏ రోజైనా మానుకోవచ్చని, మానితే మామూలు వైద్యానికి లోటు రాదని చెప్పండి. నిర్ణయం ఆయనది, మీదీ నాదీ కాదు. ఆ సమయంలో అమ్మగారినీ పక్కన కూర్చోబెట్టండి. ఎప్పుడు పడుకున్నారు, ఎన్నిసార్లు లేచారు, ఎప్పుడు అరిచారు అని రోజూ డైరీ రాయాల్సి వస్తే, ఆ పని పడేది ఆవిడ మీదే.