పనిముట్లు తక్కువుండాలి, చేతికందాలి

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

కొత్త ఫ్లాట్‌లో సామాను సర్దుకుంటున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆన్‌లైన్‌లో 108 ముక్కల టూల్ కిట్ చూశాం, కొనమంటావా అని నువ్వు అడిగావు. కొనొద్దు. అందులో చాలావరకు నట్లు విప్పే సాకెట్లే ఉంటాయి, అవి బండి మెకానిక్‌కి కావాలి గాని మీకెందుకు? లైన్ టెస్టర్, స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, ఫ్లాట్‌ది ఒకటి, కటింగ్ ప్లేయర్, చిన్న సుత్తి, అడ్జస్టబుల్ స్పానర్, 3 మీటర్ల కొలత టేపు ఉంటే ఇల్లు నడుస్తుంది. అల్లుణ్ణి తీసుకుని హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి, చేత్తో పట్టుకు చూసి ఒక్కొక్కటీ గట్టిది కొనుక్కోండి. నాసిరకం స్క్రూడ్రైవర్ మొన ఇట్టే అరిగిపోతుంది, పోతూ పోతూ స్క్రూ తలను కూడా తినేస్తుంది. అలా తల పోయిన స్క్రూను ఊడదీయడం మాలాంటి పనివాళ్లకే చచ్చేంత పని.

జీవితమంతా వైరింగ్ పనిలో ఎన్నో ఇళ్లు తిరిగాను. చాలా ఇళ్లలో టెస్టర్ ఉంటుంది, ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అందుకే ఏ వస్తువుతో ఎక్కడ పనో అక్కడే దానికి చోటివ్వు. టార్చి, టెస్టర్ ఎంసీబీ బోర్డు, అంటే ఇంటి కరెంటు ఆపే మీటలుండే బోర్డు పక్కనే మేకుకి తగిలించు. కరెంటు పోయాక చీకట్లో బెడ్‌రూమ్ అల్మరా వెతుక్కునే టెన్షన్ ఉండదు. టెస్టర్‌ని ముందు కరెంటు ఉన్న ప్లగ్గులో పెట్టి, లైటు వెలుగుతోందని చూసుకున్నాకే రెండోచోట నమ్మాలి. ఏదైనా విప్పే ముందు ఎంసీబీ దించడం మాత్రం మరవకు తల్లీ.

సింకు కింద ఇనుప సామాను పెట్టకు, తేమకి తుప్పు పడుతుంది. అక్కడ పైపు మరలకి చుట్టే టెఫ్లాన్ టేపు, ఒకటి రెండు వాషర్లు చాలు. కుళాయి మూతి నుంచి చుక్కలు పడుతుంటే లోపల వాషర్ గాని, తిప్పే కడ్డీ స్పిండిల్ గాని పోయినట్టు. గోడ దగ్గర మరల్లోంచి కారుతుంటేనే టేపు పని. నీళ్ల వాల్వు కట్టేసి కుళాయి విప్పు. మర కొస నీ వైపు ఉండేలా పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపుగా టేపు లాగి పట్టి అయిదారు చుట్లు చుట్టు. ఎదురు చుడితే కుళాయి బిగిస్తుంటే టేపు ఊడొచ్చి ముద్ద కడుతుంది. ప్లంబర్‌ని పిలవకుండా నువ్వే చేసుకోగలవు. వాల్వు ఎక్కడుందో మాత్రం ఈరోజే చూసిపెట్టుకో.

గ్యాస్ సిలిండర్ చుట్టూ క్యారీ బ్యాగులు కుక్కొద్దు. పైపు కొస నుంచి కొస దాకా కంటికి కనపడాలి. సురక్ష పైపు మీద సంవత్సరం వేసి ఉంటుంది, 5 ఏళ్లు నిండితే బాగానే ఉందనిపించినా మార్చెయ్యి.

మేకులు, స్క్రూలు ఖాళీ హార్లిక్స్ సీసాల్లో వేరువేరుగా వేసుకో, బయటికి కనిపిస్తాయి. వాడని టార్చిలోంచి బ్యాటరీలు తీసెయ్యి, లేకపోతే అవి కారి లోపలి రేకుల్ని తినేస్తాయి.

ఇక అటక సంగతి. టీవీ అట్టపెట్టె వారంటీ అయ్యేదాకా ఉంచు, తర్వాత పాత పేపర్ల వాడికి ఇచ్చెయ్యి. దేనిదో తెలియని చార్జర్లు ఎవరింట్లో చూసినా గంపెడు ఉంటాయి. మీ ఫోన్లకి పెట్టి చూసి, పనికిరానివి ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇచ్చెయ్యి. భోగి మంటల్లో మాత్రం వైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వెయ్యొద్దు, ఎవరు వేస్తున్నా ఆపు. వైరు మీది పీవీసీ కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులకి విషం, మంట చుట్టూ నిలబడేదేమో పిల్లలు.

పెళ్లిలో వచ్చిన స్టీలు సామాను ఇచ్చెయ్యడానికి మనసొప్పదని నాకు తెలుసు. మీకు, వచ్చేపోయే చుట్టాలకి సరిపడా కంచాలు, గ్లాసులు ఉంచుకుని, మిగతావి పెట్టెల్లో మగ్గనివ్వకుండా అవసరమున్నవాళ్లకి ఇవ్వు. నాయనమ్మ ఇత్తడి బిందె ఇమ్మని చెప్పడం లేదు. దాన్ని అటక మీద దాచకుండా వంటింట్లో పెట్టుకుని నీళ్లు పట్టుకో, చింతపండుతో తోముకుంటూ ఉంటే మెరుస్తూనే ఉంటుంది.

డ్రిల్లు కూడా కొనకండి. ఏడాదికోసారి అద్దమో అరో తగిలించడానికి అంత డబ్బెందుకు? పండక్కి వచ్చినప్పుడు నాది పట్టుకెళ్లండి. గోడ కన్నంలో స్క్రూ పట్టడానికి దూర్చే 6 ఎంఎం ప్లగ్గులు, 6 ఎంఎం బిట్టు పెట్టి పంపిస్తాను. ఎన్ని కన్నాలు వెయ్యాలో, ఏ గోడకో ముందే రాసిపెట్టుకోండి, అన్నీ ఒక్క పూటలో అయిపోతాయి.

అల్లుడికి నా ఆశీస్సులు చెప్పు.

పెదనాన్న