మందుకు లొంగని ఫ్లూ వైరస్ నీరసపడుతుందా?

ప్రశ్న: ఫ్లూ మందు ఒసెల్టామివిర్‌కు లొంగని ఫ్లూ వైరస్ బలహీనపడుతుందని, పెద్దగా వ్యాపించదని చదివాను. మరి 2008లో అలాంటిదే దేశదేశాలకూ ఎలా పాకింది?

జవాబు: మీరు చదివిన మాట 2007 వరకు చాలామంది నిపుణులు నమ్మిందే. కొత్తగా తయారైన వైరస్‌లు కణానికి అతుక్కుపోకుండా కత్తిరించి వదిలే ఎంజైమ్ న్యూరమినిడేజ్. ఒసెల్టామివిర్ ఆ కత్తెర నోట్లో దూరి దాన్ని పనిచేయనివ్వదు. అయితే మందు ఇమడాలంటే ఈ ఎంజైమ్‌లోని అమైనో ఆమ్లాల వరుసలో 277వ స్థానంలోని గ్లుటమేట్ కాస్త పక్కకు తిరగాలి. 275లో హిస్టిడిన్ బదులు టైరోసిన్ వస్తే, అంటే హెచ్275వై మార్పు జరిగితే, ఆ తిరగడం కుదరదు. మందు పట్టు జారిపోతుంది.

ఈ మార్పుకు వైరస్ కూడా మూల్యం చెల్లిస్తుంది. కణం ఉపరితలానికి చేరే న్యూరమినిడేజ్ తగ్గిపోతుంది. కత్తెరలు చాలక కొత్త వైరస్‌లు పుట్టినచోటే చిక్కుకుంటాయి.

అప్పట్లో ఏటా వచ్చే ఫ్లూ రకమైన సీజనల్ హెచ్1ఎన్1 న్యూరమినిడేజ్‌లో 222, 234 స్థానాల్లో వచ్చిన మార్పులు ఈ లోటును పూడ్చాయని 2010లో ప్రయోగాలు తేల్చాయి. పునాది అలా సిద్ధమయ్యాక హెచ్275వై దాదాపు నష్టం లేకుండా నిలబడింది. ఒసెల్టామివిర్ చాలా తక్కువగా వాడే నార్వేలో 2007-08 చలికాలంలో పరీక్షించిన హెచ్1ఎన్1లో సుమారు మూడింట రెండు వంతులు మందుకు లొంగనివే! మందు ఒత్తిడి వల్లే నిరోధకత పెరుగుతుందన్న లెక్క ఇక్కడ సరిపోదు. మరుసటి సీజన్‌కల్లా ప్రపంచమంతటా సీజనల్ హెచ్1ఎన్1లో దాదాపు ఆ రకమే మిగిలింది. 2009 మహమ్మారి వైరస్ వచ్చి దాన్ని తోసేసింది. ఈ కొత్తది చాలావరకు ఒసెల్టామివిర్‌కు లొంగేదే.

అన్ని మార్పులూ ఒకటి కాదు. మరో ఫ్లూ రకమైన హెచ్3ఎన్2లో న్యూరమినిడేజ్ 292వ స్థానపు ఆర్జినిన్ పోతే ఎంజైమ్ పనే బాగా దెబ్బతింటుంది. అలాంటి వైరస్ ఎక్కువ దూరం పోలేదు. వైరస్‌లోని మరో ప్రోటీన్ ఎం2లో 31వ స్థానపు మార్పు మాత్రం వైరస్‌కు దాదాపు ఉచితం. అందుకే ఎం2పై పనిచేసే పాత మందు అమాంటడిన్ ఫ్లూకు పనికిరాకుండా పోయింది.

ప్రశ్న: లొంగని వైరస్ సోకితే మోతాదు రెట్టింపు చేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. హెచ్275వై ఉంటే వైరస్‌ను ఆపడానికి వందల రెట్లు ఎక్కువ మందు కావాలి. న్యూరమినిడేజ్‌నే అడ్డుకునే మరో మందు జానామివిర్‌కు ఆ గ్లుటమేట్ తిరగాల్సిన అవసరం లేదు కాబట్టి అది పనిచేస్తుంది. కానీ దాన్ని పీల్చాలి, ఆస్తమా ఉన్నవారికి తగదు. ఇంకో ఫ్లూ మందు బలోక్సావిర్ వేరే ప్రోటీన్‌పై పనిచేస్తుంది. దానికీ ఆ ప్రోటీన్ 38వ స్థానంలో మార్పుతో నిరోధకత వస్తుంది, పిల్లల్లో మరీ ఎక్కువ.

జ్వరం తగ్గలేదని వెంటనే నిరోధకత అనుకోవద్దు. లక్షణాలు మొదలైన 48 గంటలు దాటాక మందు మొదలుపెట్టడం, మీద బ్యాక్టీరియా న్యుమోనియా తోడవడం అంతకంటే తరచుగా కనిపించే కారణాలు. పెద్దలకు మామూలు మోతాదు 75 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 5 రోజులు; కిడ్నీ జబ్బుంటే డాక్టరు తగ్గిస్తారు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో వైరస్ వారాల తరబడి ఉండిపోతుంది. చికిత్స మధ్యలో నిరోధకత పుట్టే అవకాశం వారిలోనే ఎక్కువ కాబట్టి మందు వాడుతున్నా తగ్గకపోతే జన్యు పరీక్ష అడగాలి. మామూలు ర్యాపిడ్ టెస్ట్ ఫ్లూ ఉందో లేదో చెబుతుందే తప్ప మందుకు లొంగుతుందో లేదో చెప్పదు.