మొదటి విల్లు: పౌండ్లు చూసి కొనకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో విల్లు గురించి అడిగినవే ఎక్కువ. అందులో నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాం, మిగతావాళ్ళ సందేహాలు కూడా దాదాపు వీటిలోనే తీరిపోతాయి. ముందు రెండు మాటలు: ఇక్కడ పౌండ్లన్నా, బరువన్నా విల్లు తూకం కాదు, నారిని లాగడానికి పట్టే బలం. చివర్లు ముందుకు వంపు తిరిగి ఉండేది రికర్వ్ విల్లు, చివర్లలో చక్రాలు ఉండేది కాంపౌండ్.

ప్రశ్న: మాది కావలి. వయసు 27, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. వీడియోలు చూసీ చూసీ విల్లు మీద పిచ్చి పట్టింది. వేటకు పనికొచ్చేది ఒకటి కొనాలని ఉంది, బడ్జెట్ పాతిక వేలు, మహా అయితే ముప్పై. ఒకాయన 50 పౌండ్ల విల్లు చూపించి, మగాడివి, ఇంతకంటే తక్కువది తీసుకుంటే నెల తిరక్కుండా బోర్ కొడుతుంది అన్నాడు. 50 అంటే ఎక్కువా, తక్కువా? రికర్వ్ తీసుకోవాలా, కాంపౌండా?

జవాబు: ముందు వేట సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే దాని మీదే మీరు ఏం కొనాలన్నది ఆధారపడి ఉంది. మీరు చూసిన వీడియోలు చాలావరకు అమెరికావి అయ్యుంటాయి. అక్కడ రాష్ట్రాన్ని బట్టి వేట సీజన్ ఉంటుంది, లైసెన్సు ఉంటుంది, జింకను కొట్టాలంటే విల్లు కనీసం ఇన్ని పౌండ్లు ఉండాలని చాలా చోట్ల రూలు కూడా ఉంది, అది ఎక్కువగా 40 దగ్గర ఉంటుంది. అందుకే అక్కడి కంపెనీలు 'హంటింగ్ బో' అని పేరు పెట్టి బరువైన విల్లు అమ్ముతాయి. ఇక్కడ మనకున్నది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. అడవిపందైనా కుందేలైనా సరదాకి కొట్టే వీల్లేదు. చంపితేనే వేట అనుకోవద్దు, తరమడం, ఎర వేయడం, ఉచ్చు పెట్టడం, ఆ ప్రయత్నం చేయడం కూడా చట్టం లెక్కలో వేటే. దొరికితే మూడేళ్ళ దాకా జైలు, 2022 సవరణ తర్వాత లక్ష రూపాయల దాకా జరిమానా. చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి జాబితాలోని (మొదటి షెడ్యూల్) జంతువైనా, అభయారణ్యంలో జరిగినా శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళు. విల్లు, వెళ్ళిన బండి కూడా పోతాయి. పెంచలకోన దగ్గర పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది, అందులోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే తప్పు, బాణం వేసినా వేయకపోయినా. నల్లమలలో చెంచుల దగ్గర విల్లు ఉంటుంది కదా అంటారేమో, వేట విషయంలో వాళ్ళకీ ఇదే చట్టం.

కాబట్టి మీరు కొనేది గురికి, ఆటకి. ఈ మాటతో నీరసపడకండి, దీనివల్ల మీ డబ్బులే మిగులుతాయి. వేట లేనప్పుడు 50 పౌండ్లతో మీకు పనేముంది? ఒలింపిక్స్‌లో 70 మీటర్ల దూరానికి వేసే మగవాళ్ళ రికర్వ్ విల్లులే 45, 50 పౌండ్ల దగ్గర ఉంటాయి, వాళ్ళు అక్కడికి ఏళ్ళ తరబడి రోజూ వందల బాణాలు వేసి చేరుకున్నవాళ్ళు. మీరు మొదట వేసేది పది మీటర్ల దూరానికి. మీ వయసుకి, ఆరోగ్యంగా ఉంటే 22 నుంచి 26 పౌండ్లు చాలు. మీకు చెప్పినాయన అమ్మేవాడైతే తన సరుకు కదలాలి కాబట్టి అలాగే చెబుతాడు, స్నేహితుడైతే ఆయన కూడా వీడియోలే చూసి ఉంటాడు.

బరువు ఎక్కువైతే ఏమవుతుందో కళ్ళారా చూడొచ్చు. లాగేటప్పుడు నూతిలోంచి నిండు బకెట్ తోడుతున్నట్టు భుజం పైకి లేస్తుంది, నడుము వెనక్కి వంగుతుంది, నారి గడ్డం దాకా రాకముందే చెయ్యి వణికి బాణం వదిలేస్తుంది. గురి చూసే టైమే ఉండదు. అలా వంద బాణాలు వేస్తే ఆ తప్పే అలవాటైపోతుంది, తర్వాత కోచ్ దగ్గరికి వెళ్ళినా దాన్ని వదిలించుకోవడానికే నెలలు పడుతుంది, భుజం నొప్పి అదనం. షాపులోనే ఒక పరీక్ష చేయండి. కుర్చీలో కూర్చుని, రెండు కాళ్ళూ నేల మీంచి కొంచెం పైకెత్తి, విల్లును ముందుకు చాపి నారిని నిదానంగా గడ్డం దాకా లాగండి. విల్లును ఆకాశం వైపు ఎత్తకుండా లాగలేకపోతే, లాగి పది పదిహేను సెకన్లు కదలకుండా పట్టుకోలేకపోతే అది మీకు బరువే, అమ్మేవాడు ఎన్ని చెప్పినా. లాగిన నారిని మాత్రం వదిలేయకుండా మెల్లగా వెనక్కి తేవాలి, ఎందుకో చివర్లో చెబుతాం.

ఇక కొలత. గోడకి వీపు ఆనించి రెండు చేతులూ బారజాపి నిలబడండి, ఇంట్లోవాళ్ళతో రెండు నడివేళ్ళ చివర్ల దగ్గర చాక్‌పీసుతో గీత పెట్టించి, మధ్య దూరాన్ని అంగుళాల్లో కొలిచి 2.5తో భాగించండి. వచ్చిందే సుమారుగా మీ డ్రా లెంగ్త్, అంటే మీరు నారిని ఎంత వెనక్కి లాగుతారన్నది. మీ ఎత్తుకి బార దాదాపు 70 అంగుళాలు ఉండొచ్చు, అంటే డ్రా లెంగ్త్ 28. దానికి 68 అంగుళాల విల్లు సరిపోతుంది. 27 లోపు వస్తే 66 అంగుళాలది చూడండి. విల్లు మీద రాసిన పౌండ్లు కూడా 28 అంగుళాలు లాగినప్పటి లెక్కే. ఒక్కో అంగుళం తగ్గితే దాదాపు రెండు పౌండ్లు తగ్గుతాయి, పెరిగితే పెరుగుతాయి. ఈ ముక్క చాలామంది షాపువాళ్ళు చెప్పరు.

రికర్వా, కాంపౌండా అన్నదానికి మీ బడ్జెట్‌లో జవాబు రికర్వే. కాంపౌండ్ చెడ్డదని కాదు. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది కాంపౌండ్‌తోనే, 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో కూడా మిక్స్‌డ్ టీమ్ విభాగంలో అది మొదటిసారి వస్తోంది, కాబట్టి దాని మీద మోజు సహజమే. పూర్తిగా లాగాక దాని బరువులో 65 నుంచి 80 శాతం తగ్గిపోతుంది, తీరిగ్గా గురి చూసుకోవచ్చు. కానీ అది మీ చేతి కొలతకి బిగించాల్సిన యంత్రం. నారి మార్చాలంటే ప్రెస్ అనే పరికరం కావాలి, వేళ్ళతో కాకుండా రిలీజ్ అనే పట్టుతో వదలాలి, గురి చూసుకునే సైట్ విడిగా కొనాలి. ముప్పై వేలలో విల్లు దొరికినా మిగతావాటికి డబ్బులుండవు. పైగా చిన్న రిపేరుకి కూడా దాన్ని బస్సులో వేసుకుని చెన్నైకో విజయవాడకో మోసుకెళ్ళాల్సి రావచ్చు.

రికర్వ్‌లో టేక్‌డౌన్ రకం, అంటే మూడు ముక్కలుగా ఊడదీసేది తీసుకోండి. మధ్య పిడి భాగాన్ని రైజర్ అంటారు, పైనా కిందా ఉండే రెక్కలు లింబ్స్. చెక్క రైజర్ చాలు. మీ చెయ్యి గట్టిపడ్డాక రైజర్ అలాగే ఉంచి లింబ్స్ మాత్రం మార్చుకోవచ్చు, 24 నుంచి 28కి, ఆ తర్వాత 32కి. ఒకేసారి పది పౌండ్లు ఎగబాకొద్దు. తర్వాత పోటీలకు వెళ్ళే ఆలోచన గట్టిగా ఉంటే ఐఎల్ఎఫ్ రకం రైజర్ చూడండి, దానికి వేరే కంపెనీ లింబ్స్ కూడా పడతాయి, ఖరీదు కొంచెం ఎక్కువ.

డబ్బంతా విల్లుకే తగలేయకండి. పాతికలో సగం, మహా అయితే అరవై శాతం దానికి. మిగతాది బాణాలకి, వేళ్ళకి వేసుకునే ట్యాబ్‌కి, ముంజేతికి ఆర్మ్‌గార్డ్‌కి, నారి ఎక్కించే స్ట్రింగర్‌కి. స్ట్రింగర్ లేకుండా కాలికింద నొక్కి నారి ఎక్కిస్తే లింబ్ మెలిపడుతుంది, ఒకసారి మెలిపడిందంటే ఆ విల్లు తిన్నగా కొట్టదు. నారి డాక్రాన్‌ది అడగండి. కొత్తరకం సాగని నారి వేగంగా కొడుతుంది గానీ దానికోసం తయారు చేయని చెక్క విల్లుల చివర్లను కోసేస్తుంది.

బాణం విల్లు కంటే ముఖ్యం అంటే కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి. ప్రతి బాణం మీదా స్పైన్ అని ఒక నంబరు ఉంటుంది, అది బాణం ఎంత వంగుతుందో చెప్పే లెక్క, నంబరు పెద్దదైతే బాణం మెత్తన. 24, 26 పౌండ్ల విల్లుకి 800 నుంచి 1000 మధ్యది సరిపోతుంది. అదే విల్లుకి 'స్ట్రాంగ్‌గా ఉంటుంది సార్' అని 400 స్పైన్ బాణాలు అంటగడితే అవి వంగక, కుడిచేతి వాటం వాళ్ళకి ఎప్పుడూ ఎడమవైపే పోతుంటాయి, మీరేమో తప్పు మీ గురిలో ఉందనుకుంటారు. పొడవు మీ డ్రా లెంగ్త్ కంటే రెండంగుళాలు ఎక్కువే ఉండాలి. పొట్టి బాణం లాగేటప్పుడు రెస్ట్ మీంచి, అంటే విల్లు మీద బాణం ఆనే చోటు నుంచి, వెనక్కి జారి, వదలగానే విల్లు పట్టుకున్న చేతిలోకే దిగొచ్చు. కనీసం ఎనిమిది కొనండి, ఒకటి రెండు పోవడం ఖాయం. మెరిసే పసుపో నారింజో ఈకలుంటే మేలు, గురి తప్పిన బాణం గడ్డి పైన నిలబడదు, గడ్డి కిందికి దూరి పడుకుంటుంది, పక్కన నిలబడినా కనపడదు. బ్లేడున్న వేట మొనలు మాత్రం అసలు కొనకండి, అవి చేసే పని మనకి లేదు, చెయ్యి కోసుకోవడం తప్ప.

ప్రశ్న: మాది కందుకూరు. మా పాపకి 11 ఏళ్ళు, ఎడమచేత్తో రాస్తుంది. నేర్పిద్దామనుకుంటున్నాం. ఎడమచేతి విల్లు కొనాలా? వెదురు విల్లు చాలా?

జవాబు: చాలమ్మా, వెదురు విల్లు నిక్షేపంగా చాలు. మన దేశంలో ఇండియన్ రౌండ్ అని ఒక పోటీ విభాగమే ఉంది, వెదురు, చెక్క విల్లులతో 30, 50 మీటర్ల దూరాలకి ఆడతారు, చాలామంది పెద్ద ఆటగాళ్ళు అక్కడే మొదలుపెట్టారు. పాపకి 10 నుంచి 14 పౌండ్ల లోపు చూడండి. ఏ చెయ్యి అన్నది రాసే చేతిని బట్టి కాదు, కంటిని బట్టి. రెండు అరచేతులు ముందుకు చాపి మధ్యలో చిన్న సందు వదిలి, అందులోంచి రెండు కళ్ళతో దూరంగా ఉన్న ఫ్యాన్ స్విచ్చునో గడియారాన్నో చూడమనండి. అలాగే ఉంచి ఒక్కో కన్నూ మూయించండి. ఏ కన్ను తెరిచి ఉంచినప్పుడు గడియారం సందులోనే ఉంటుందో అది బలమైన కన్ను. కుడి కన్నయితే కుడిచేత్తో లాగే విల్లు, అంటే ఎడమచేత్తో పట్టుకునేది. రాయడం ఎడమచేత్తో అయినా పర్వాలేదు, పిల్లలు తొందరగా అలవాటు పడతారు. కొనేముందు ఒంగోలు, నెల్లూరుల్లోని జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ ఆఫీసులో కోచింగ్ ఎక్కడ జరుగుతోందో అడగండి. నేర్చుకునే చోట విల్లు వాళ్ళే ఇస్తే మొదటి మూడు నెలలు కొనే పనే లేదు.

ప్రశ్న: ఉదయగిరి వైపు మాకు మూడెకరాల వేరుశనగ ఉంది. అడవిపందులు రాత్రికి రాత్రి చేను తవ్వేస్తున్నాయి. బాణంతో కొడితే చప్పుడు ఉండదు కదా, నా చేను నేను కాపాడుకుంటే తప్పేముంది?

జవాబు: మీ కడుపుమంట మాకు అర్థమవుతుంది, పంట పోయినవాడికి చట్టం గురించి చెప్తే చిరాకే. కానీ చప్పుడు లేనంత మాత్రాన కేసు లేకుండా పోదు. చట్టంలోనే ఒక దారి ఉంది. పంటను పాడు చేసే జంతువును తొలగించడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు, 11వ సెక్షన్ అదే చెబుతుంది. పాడైన చేను ఫొటోలు, తేదీలు, సర్వే నంబరు పెట్టి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకోండి. ఆ కాగితం చేతికి రాకుండా కొట్టొద్దు, కరెంటు తీగ అసలే పెట్టొద్దు, దానికి పంది కంటే ముందు పక్క చేను రైతు బలైన ఘటనలు మీరూ వినే ఉంటారు. ఇంకో మాట, మీరడిగిన పద్ధతి పని కూడా చేయదు. చీకట్లో, కదిలే పందికి, సాధన లేని చేత్తో వేసిన బాణం దాన్ని గాయపరుస్తుందే తప్ప పడగొట్టదు, గాయపడిన పంది ఎవరి మీదికి వస్తుందో చెప్పలేం.

ప్రశ్న: పొదిలి నుంచి రాస్తున్నా. సెకండ్ హ్యాండ్ రికర్వ్ ఒకటి సగం ధరకి వస్తోంది. తీసుకోవచ్చా? మా ఊళ్ళో ప్రాక్టీసు ఎక్కడ చేయాలి, ఎండకి పాడవుతుందా?

జవాబు: తీసుకోవచ్చు, చూసి తీసుకుంటే. నారి ఎక్కించి, విల్లును కింది చివర నుంచి కంటికి దగ్గరగా పెట్టి చూడండి. నారి రెండు లింబ్స్ నడిమధ్య మీదుగా పోవాలి, ఒక పక్కకి పోతే లింబ్ మెలిపడినట్టే, వదిలేయండి. తర్వాత చిన్న దూది ఉండ తీసుకుని లింబ్ అంచుల వెంబడి రాయండి, కంటికి కనపడని పగులుంటే అక్కడ దూది పోగు తగులుకుంటుంది.

ప్రాక్టీసుకి పల్లెటూళ్ళో ఉన్న సౌకర్యం టౌన్లో లేదు. గోతాంలో పాత చీరలు, దుప్పట్లు కుక్కి కుక్కి గట్టిగా కూరితే టార్గెట్ రెడీ, జిప్పులు, గుండీలు ఉన్న బట్టలు మాత్రం వద్దు, మొన పాడవుతుంది. వెనకాల పొగాకు బ్యారన్ గోడ ఉంటే ఇంకా మంచిది, అటునుంచి మనుషులు రారు, కానీ గోడకి తగిలిన బాణం పనికిరాదు, మధ్యలో పాత బొంత ఒకటి వదులుగా వేలాడదీయండి, అది బాణాన్ని పూర్తిగా ఆపకపోయినా వేగం చంపుతుంది. గట్టు మీద నుంచి ఖాళీ చేల వైపు వేయొద్దు, ఖాళీగా ఉందనుకున్న చేలోనే గొర్రెలో, గొర్రెలు కాసే పిల్లాడో ఉంటారు. మీ వైపు రాతినేల కాబట్టి కార్బన్ బాణం రాయికి తగిలితే ఊరుకోకండి, రెండు చివర్లూ పట్టుకుని చెవి దగ్గర కొంచెం వంచి చూడండి, చిటచిటమంటే విరిచి పారేయండి. పగిలిన కార్బన్ వదిలేటప్పుడు చీలి చేతిలో గుచ్చుకుంటుంది.

ఎండ విషయం నిజమే. లింబ్స్ అంటే జిగురుతో అతికించిన పొరలు. రోహిణి కార్తెలో తాళం వేసిన కారు డిక్కీలోనో రేకుల షెడ్డులోనో పెడితే పొరలు విడిపోతాయి. పని అయ్యాక నారి దించి, నీడలో, గోడకి నిలబెట్టకుండా పడుకోబెట్టి ఉంచండి.

అందరికీ ఒకే హెచ్చరిక, పైన చెబుతామన్నది. బాణం లేకుండా నారిని లాగి వదలొద్దు, ఇంటికొచ్చిన చుట్టాల పిల్లల చేతికి అసలే ఇవ్వొద్దు, వాళ్ళు మొదట చేసే పని అదే. బాణానికి పోవాల్సిన శక్తంతా లింబ్స్‌లోకే తిరిగొస్తుంది, ఒక్క దెబ్బకే విరగొచ్చు, దానికి వారంటీ కూడా వర్తించదు.