ఏడో తరగతి లెక్కల మార్కులు పెరగాలంటే యాక్షన్ రీసెర్చ్ ఎక్కడ మొదలెట్టాలి?

మాస్టారూ, మీ ప్రశ్న ఇదీ: విజయనగరం జిల్లాలో జడ్పీ హైస్కూలు, ఏడో తరగతి, ఒకటే సెక్షన్, ముప్ఫై చిల్లర పిల్లలు. ఎక్కువమంది కూలీల ఇళ్ళవాళ్ళు, కొందరు అమ్మానాన్నలు వలసపోతే అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునేవాళ్ళు. లెక్కల స్లిప్ టెస్టులో సగంమందికి 20కి ఆరేడు దాటడం లేదు. యాక్షన్ రీసెర్చ్ చేస్తే పెరుగుతాయా, ఎలా చేయాలి?

పెరుగుతాయి. కాకపోతే 'గణిత సామర్థ్యాల పెంపు – ఒక అధ్యయనం' అని పేరు పెట్టి కూర్చుంటే ఫైలు నిండుతుంది తప్ప మార్కులు కదలవు. 1940ల్లో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ ఈ పద్ధతికి పేరు పెట్టినా, 1950ల్లో అమెరికా విద్యావేత్త స్టీఫెన్ కోరీ దాన్ని టీచర్ల చేతికిచ్చినా ఉద్దేశం ఒక్కటే: పని చేసేవాడే తన పనిని కొలుచుకుని, మార్చుకుని, మళ్ళీ కొలుచుకోవాలి. బీఈడీలో రాసిన ప్రాజెక్టు ఫైలు అటకమీదే ఉండనివ్వండి.

మొదటి వారం ఏమీ నేర్పకండి. ఇప్పటికే రాసిన రెండు స్లిప్ టెస్టుల పేపర్లు ముందేసుకుని, తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కన ఒక అక్షరం వేయండి. అసలు రాయకుండా ఖాళీగా వదిలేస్తే 'ఖా'. ప్రశ్న అర్థంకాక వేరే లెక్క చేస్తే 'అ'. ఏ లెక్క చేయాలో తెలిసీ పద్ధతి రాకపోతే 'ప'. పద్ధతి సరే, కూడికో ఎక్కమో తప్పితే 'లె'. ముప్ఫై పేపర్లకు ఓ సాయంత్రం పడుతుంది. ఈ పని ఎగ్గొట్టినవాళ్ళ రీసెర్చంతా ఊహే. 'ఖా' ఎక్కువున్న క్లాసుకి ఎక్కాలు చదివించినా, 'లె' ఎక్కువున్న క్లాసుకి పాఠం మళ్ళీ చెప్పినా దండగే.

పేపరు చూసి 'అ'నో 'ప'నో తేల్చలేని పిల్లలు ఓ ఎనిమిది మంది ఉంటారు. వాళ్ళని ఒక్కొక్కరిగా పిలిచి అడగాలి. 1977లో ఆస్ట్రేలియాలో ఆన్ న్యూమన్ అనే పరిశోధకురాలు పెట్టిన అయిదు మెట్లు దీనికి సరిగ్గా సరిపోతాయి: ప్రశ్న పైకి చదువు, ఏం అడిగాడో నీ మాటల్లో చెప్పు, ఏం చేస్తే వస్తుంది, చేసి చూపించు, ఇప్పుడు జవాబు రాయి. ఎక్కడ ఆగితే తప్పు అక్కడే. ఉదాహరణకి '80 కిలోల జీడిపిక్కల బస్తాలో నాలుగోవంతు అమ్మితే ఇంకా ఎంత మిగిలింది?' అంటే 20 అని రాసే పిల్లలు కనిపిస్తారు. భాగహారం చక్కగా వచ్చింది, అమ్మింది ఎంతో తేలింది, మిగిలింది అడిగాడన్న సంగతి దారిలో జారిపోయింది. ఆ పిల్లకి భిన్నాలు మళ్ళీ చెప్పడం ఎందుకు? చివర్లో ప్రశ్న ఇంకోసారి చదివే అలవాటు చేస్తే చాలు. రెండు భాషల పుస్తకంలో ఇంగ్లీషు పేజీ చూసి తప్పుచేసిన లెక్కని తెలుగు పేజీలో చూపించండి. అక్కడ సరిగ్గా చేస్తే గొడవ లెక్కది కాదు, భాషది.

ఇప్పుడు ప్రశ్నని ఇరుగ్గా కట్టండి. ఉదాహరణకి: 'పీరియడ్ మొదట్లో 12 నిమిషాల అభ్యాసం ఆరువారాలు చేస్తే భిన్నాల కూడిక, పూర్ణసంఖ్యల కూడికల్లో తప్పులు తగ్గుతాయా?' ఇంతకంటే పెద్దది వద్దు.

కొలిచే పేపరు దగ్గరే చాలామంది బోల్తాపడతారు. ముందూ వెనకా ఒకే పేపరు ఇస్తే పిల్లలు జవాబులు గుర్తుపెట్టుకుంటారు. కొత్త పేపరు ఇస్తే అది తేలికో కష్టమో తెలియదు. అందుకని మూడు సెట్లు తయారుచేయండి, ఒక్కోదాంట్లో భిన్నాలు 10, పూర్ణసంఖ్యలు 10, ప్రశ్నకో మార్కు. మూడు సెట్లలో ఒకే వరుస సంఖ్యలో ఉన్న ప్రశ్న ఒకే జాతిది కావాలి: మొదటి సెట్లో 3/4 + 1/8 ఉంటే రెండోదాంట్లో 2/3 + 1/6 పెట్టొచ్చు, 2/3 + 1/4 కుదరదు. 3/4 + 1/8, 2/3 + 1/6ల్లో ఒక హారం ఇంకోదానికి గుణిజం, 2/3 + 1/4లో కాదు. అలాగే -7 + 3కి జత -9 + 4. మొదటిసారి, అంటే అభ్యాసం మొదలెట్టేముందు, 1, 4, 7 రోల్ నంబర్లవాళ్ళకి మొదటి సెట్టు, 2, 5, 8కి రెండోది, 3, 6, 9కి మూడోది. తర్వాతి రెండుసార్లూ ఒక్కో సెట్టు ముందుకి జరపండి. ఏ సెట్టు కాస్త కష్టమైనా ఆ బరువు మూడు టెస్టులమీదా సమానంగా పడుతుంది, పక్కవాడి పేపరు చూసినా లాభం ఉండదు. మూడు టెస్టులూ, ఏ రోజు పెట్టినా, రోజులో అదే పీరియడ్‌లో పెట్టాలి. ఒకటి పొద్దున్న ఖాళీ కడుపుతో, ఇంకొకటి మధ్యాహ్న భోజనం అయ్యాక పెట్టి పోల్చడం అన్యాయం.

ఒకటే సెక్షన్ కదా, దేనితో పోల్చాలి అని అడిగారు. రెండు అంశాలు పెట్టమన్నది అందుకే. మొదటి మూడువారాలు భిన్నాలమీదే పనిచేయండి, పూర్ణసంఖ్యలు ముట్టుకోకండి. మూడోవారం చివర రెండో టెస్టు. భిన్నాలు పెరిగి పూర్ణసంఖ్యలు అక్కడే ఉంటే పనిచేసింది మీ పద్ధతి. రెండూ సమానంగా పెరిగితే పిల్లలకి టెస్టు అలవాటై ఉండాలి, లేదా ట్యూషన్ మాస్టారు ఎవరో కష్టపడుతున్నారు. తర్వాతి మూడువారాలు పూర్ణసంఖ్యలు. ఆరోవారం చివర అవి పెరగాలి, భిన్నాలు పడిపోకూడదు. దీనివల్ల ఏ పిల్లకీ లాభం ఆపినట్టూ ఉండదు. ఆ ఆరువారాల్లో పీరియడ్‌లో మిగతా సమయం మామూలు సిలబస్‌కే, అయితే ఆ పాఠం ఈ రెండింట్లో ఏదీ కాకుండా చూసుకోండి.

12 నిమిషాలు ఎలా గడవాలంటే, మీరు లోపలికి వచ్చేసరికి బోర్డుమీద అయిదు లెక్కలు ఉండాలి: నిన్నటివి రెండు, పోయినవారానివి రెండు, ఇంకా పాతది ఒకటి. ఆరు నిమిషాలు పుస్తకం మూసి, ఎవరికివారు. మూడు నిమిషాలు జవాబులు చెప్పి వేరే రంగు పెన్నుతో వాళ్ళచేతే దిద్దించడం. చివరి మూడు నిమిషాలు ఒక్క తప్పు జవాబు మీద మాట, పేరు చెప్పకుండా. వీటికి మార్కులు వేయకండి, వేస్తే కాపీ మొదలవుతుంది. ఎక్కువగా చెడేది ఇక్కడే: మాస్టారే బోర్డుమీద చేసేస్తారు, పిల్లలు ఎక్కించుకుంటారు, నోట్సులన్నీ టిక్కులతో మెరుస్తాయి, టెస్టులో మళ్ళీ ఆరు మార్కులే. నాలుగైదు రోజులకోసారి బెంచీ అటువైపు వాళ్ళకో అంకె, ఇటువైపు వాళ్ళకో అంకె మార్చి చూడండి, సంగతి బయటపడుతుంది.

భిన్నాలకి పెద్ద సామాను అక్కర్లేదు. ఒకవైపు వాడేసిన కాగితంలోంచి 24 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు పట్టీలు కత్తిరించండి, పిల్లకి ఆరు చొప్పున. 24 ఎందుకంటే సగం 12, మూడోవంతు 8, నాలుగోవంతు 6, ఆరోవంతు 4, ఎనిమిదోవంతు 3. అన్నీ స్కేలుమీద నిండు అంకెల్లో పడతాయి. 1/2 + 1/3 = 2/5 అని రాసే పిల్లకి తప్పని చెప్పకండి. సగం పట్టీ పక్కన మూడోవంతు పెట్టించి కొలిపించండి: 20 సెం.మీ. ఆమె జవాబు 2/5 అంటే 9.6 సెం.మీ. 'సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గిపోయిందేటమ్మా?' అని అడిగి ఊరుకోండి. తర్వాత 20ని 4 సెం.మీ. ముక్కలతో కొలిస్తే అయిదు వస్తాయి, 5/6 దానంతటదే కనిపిస్తుంది. పట్టీలు రెండో వారానికి తీసేయాలి, లేకపోతే పరీక్షలో చేతులు వాటినే వెతుకుతాయి.

వెనకబడ్డవాళ్ళని రోజూ ఓ ఇరవై నిమిషాలు విడిగా కూర్చోబెట్టొచ్చు, అయిదారుగురికి మించకుండా, ఒకే అక్షరం తప్పున్నవాళ్ళని. ప్రతి సోమవారం చీటీ టెస్టు చూసి గుంపు మార్చండి. 'డల్ బ్యాచ్' అని ఒకసారి పేరు పడితే ఆ బెంచీలోంచి ఎవడూ లేవడు. ఇంకో జాగ్రత్త: ఒక్క టెస్టులో అట్టడుగున ఉన్న పదిమందిని తీసుకుంటే, మీరు ఏమీ చేయకపోయినా తర్వాతి టెస్టులో వాళ్ళ సగటు కాస్త పెరుగుతుంది, ఎందుకంటే వాళ్ళలో కొందరిది ఆ రోజు బాగోలేక వచ్చిన మార్కు. రెండు టెస్టుల సగటు చూసి ఎంచుకోండి.

ఓ పొడుగు నోట్సులో రోజూ మూడు లైన్లు రాయండి: హాజరెంత, ఏ లెక్కలో ఎక్కువమంది ఆగారు, రేపు ఏం మారుస్తాను. మూడోవారం టెస్టు అయ్యాక పద్ధతిలో చేసే మార్పు ఈ లైన్లలోంచే రావాలి.

లెక్క తేల్చేటప్పుడు ముప్ఫైమంది మార్కులకు టీ-టెస్టు (సగటుల మధ్య తేడా కాకతాళీయమా అని చూసే గణాంక పద్ధతి) వేసి పేజీలు నింపడం నాకు నచ్చదు. పిల్లవారీగా మూడు మార్కులు ఒక వరుసలో, పక్కన హాజరు శాతం, అంతే. సగటు కాదు, మధ్యస్థం (మార్కులు వరుసగా పేరిస్తే నడిమధ్య పడేది) చెప్పండి, ఒకరిద్దరు 20 తెచ్చుకుంటే సగటు ఉబ్బిపోతుంది. 20కి 6 ఉన్నవాడు 11కి వస్తే పెరగడానికి ఉన్న 14లో 5, అంటే 36 శాతం. 15 ఉన్నవాడు 18కి వస్తే ఉన్న 5లో 3, 60 శాతం. ఊరికే 'అయిదు పెరిగాయి, మూడు పెరిగాయి' అంటే రెండోవాడి పని కనపడదు. అక్షరాల లెక్క కూడా మళ్ళీ వేయండి: మార్కులు పెద్దగా పెరగకపోయినా 'ఖా'లు తగ్గి 'లె'లు పెరిగాయంటే పిల్లలు చేయి పెట్టడం మొదలెట్టినట్టే, తర్వాతి విడత ఎక్కాలమీద.

హాజరు తక్కువైనవాళ్ళని లెక్కలోంచి తీసేసి మంచి ఫలితం చూపించడం అందరికీ అలవాటే. అందరితో ఒకసారి, 80 శాతం పైన వచ్చినవాళ్ళతో ఒకసారి, రెండూ రాయండి. ఆ రెంటి మధ్య తేడా పెద్దగా ఉంటే మీ తర్వాతి యాక్షన్ రీసెర్చ్ లెక్కలమీద కాదు, హాజరుమీద.

ఎప్పుడు చేయాలన్నది మన జిల్లాల్లో చిన్న విషయం కాదు. జూలై, ఆగస్టుల్లో ఉభాలు, అంటే వరినాట్లు. పెద్దాడపిల్లలు తమ్ముళ్ళని చూసుకోడానికి ఇంట్లో ఆగిపోతారు. నవంబరు, డిసెంబరుల్లో కోతలు, నూర్పులు. మార్చిలో ఒంటిపూట బడులు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపైతే జీడితోటల పనులు. దసరా సెలవులు మధ్యలో పడితే మూడోవారం లెక్క చెడుతుంది. సంక్రాంతి సెలవులయ్యాక మొదలెడితే ఆరువారాలు ఫిబ్రవరి చివరికి ముగుస్తాయి. ఒంటిపూట బడులు పడేలోపు, చెప్పకుండా ఓ రోజు అవే జాతి లెక్కలు పదిచ్చి చూడండి. భిన్నాల్లో అయిదు, పూర్ణసంఖ్యల్లో అయిదు చాలు. నిలిచినవి ఎన్నో, టెస్టుతోపాటే పోయినవి ఎన్నో అప్పుడు తెలుస్తుంది.