రోజుకు ఒక్క సిగరెట్టే తాగినా హానేనా?

అవును, హానే. పెట్టెలకు పెట్టెలు ఊదేస్తేనే ప్రమాదం, ఒకటీ అరా అయితే ఏం కాదులే అని చాలామంది అనుకుంటారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో సంఖ్య తగ్గేకొద్దీ ముప్పు తగ్గే మాట నిజమే. గుండె దగ్గర మాత్రం ఆ లెక్క పనిచేయదు. రోజుకు 20 తాగేవారికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, ఒక్కటి తాగేవారికీ అందులో దాదాపు సగం పెరుగుతుందని 2018లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో తేలింది.

పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. నికోటిన్ గుండె వేగాన్ని, బీపీని పెంచుతుంది. రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువవుతుంది. ఇంతపనికి కొద్దిపాటి పొగ చాలు. అందుకే పక్కన కూర్చుని పీల్చేవారికీ, ముఖ్యంగా ఇంట్లో పిల్లలకు, ఇది తప్పదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇక దగ్గు. శ్వాసనాళాల్లో నూగులాంటి సన్నటి వెంట్రుకలు దుమ్మునీ కఫాన్నీ పైకి నెడుతుంటాయి. పొగ వాటిని మొద్దుబారుస్తుంది. మానేసిన కొత్తలో దగ్గు కాస్త ఎక్కువైతే కంగారుపడకండి, చాలాసార్లు అవి మళ్లీ పనిలో పడ్డాయనే అర్థం. రక్తం పడితే మాత్రం వెంటనే డాక్టర్‌కు చూపించుకోవాలి.

సిగరెట్‌తో టెన్షన్ తగ్గినట్టు అనిపించేది కూడా చాలావరకు నికోటిన్ కోసం లాగే తపన తీరడమే. మానేసిన ఏడాదికి గుండెజబ్బు అదనపు ముప్పు సుమారు సగానికి పడిపోతుంది. సొంతంగా మానలేకపోతే నికోటిన్ గమ్, ప్యాచ్‌ల గురించి డాక్టర్‌ని అడగండి.